కొసరు వరుసలు

మా గోదాంకి బ్యాటరీ బండి కొంటున్నారన్న సంగతి నాకు మొదట చెప్పింది మేనేజరు కాదు, మా అత్తగారు.

"రెండు బండ్లు తెప్పిస్తున్నారట బాబూ. వారం రోజులు తోలి చూసి ఏది కొనాలో చెప్పమని మన చిన్నల్లుడికి అప్పజెప్పారట. మీకు తెలిసే ఉంటుందిలే," అంది, నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఉండగానే.

నాకు తెలియదు. "ఆఁ, తెలుసు," అన్నాను.

చిన్నల్లుడంటే నా తోడల్లుడు, నా భార్య చెల్లెలి భర్త. రెండు వీధుల అవతల ఉంటాడు. అత్తగారు నెలలో సగం రోజులు వాళ్లింట్లో, సగం రోజులు మా ఇంట్లో ఉంటుంది. అక్కడి కబుర్లు ఇక్కడికీ, ఇక్కడివి అక్కడికీ చేరవేస్తుంది. చెడ్డ మనసు కాదు. కాకపోతే ఆవిడ మాటలన్నీ చిన్నల్లుడితోనే మొదలవుతాయి. చిన్నల్లుడు కుళాయి బాగుచేశాడు. చిన్నల్లుడు కిటికీ కొలిచి దోమతెర బిగించాడు. చిన్నల్లుడికి మంచం కాలు ఎంత అరిగిందో చూడగానే తెలిసిపోయింది. నేను ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటి పెద్దల్లుణ్ణి. నేనేం చేశానో చెప్పమంటే ఆవిడ కాస్త ఆలోచించుకోవాలి.

గోదాంలో అతన్ని అందరూ టేపు అంటారు. నడుం బెల్టుకి కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఏది చూసినా సర్రుమని లాగి కొలుస్తాడు. మూడేళ్ల కిందట అతనికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. "మావాడేనండి, బుద్ధిమంతుడు," అని మేనేజరు ముందు చేతులు కట్టుకుని చెప్పింది ఈ నోటితోనే.

అన్నం దగ్గర కూర్చున్నాను. నా భార్య కాసేపు చూసి, "ఏంటి, కూరలో ఉప్పు లేదా?" అంది.

"ఉంది."

"మరి ఆ మొహమేంటి?"

"ఏ మొహం?"

"మా చెల్లెలు కొత్త గొలుసు వేసుకుని వచ్చినప్పుడు నేను పెట్టే మొహం," అంది.

నేను మజ్జిగ పోసుకుని లేచిపోయాను.

మర్నాడు మేనేజరు గారు మమ్మల్ని వాలు దగ్గరకి పిలిచింది. ఆవిడని మేమంతా మేడం అంటాం. తక్కువ మాట్లాడుతుంది, ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పదు.

మా పని ఎలాంటిదో ఇక్కడ చెప్పాలి. గోదాం అంటే రెండు షెడ్లు. పై షెడ్డులో టైల్స్ పెట్టెలు పేర్చి ఉంటాయి. కింది షెడ్డులో లారీలు ఆగుతాయి. రెంటికీ మధ్య ముప్పై అడుగుల వాలు. చెక్క పీట మీద పెట్టెలు పేర్చి, చేతి బండికి ఉన్న రెండు ఇనప చేతుల్ని ఆ పీట కిందికి దూర్చి, పిడిని పదిసార్లు పైకీ కిందికీ కొడితే పీట నేల విడిచి రెండంగుళాలు లేస్తుంది. అంతవరకే బండి పని. అక్కడి నుంచి మనిషి ఒళ్లే ఇంజను. నలుగురు లాగేవాళ్లు, వాళ్లకి నేను మేస్త్రిని. టేపు కింది షెడ్డులో ఉంటాడు, లారీలకి సరుకు ఎక్కించే చోట.

"ఒకటే బండి కొంటాం," అంది మేడం. "నడుస్తూ తోలే రకం. ఏది కొనాలో, ఎవరు తోలాలో రెండూ ఇతను చూసి రాసిస్తాడు. మేస్త్రీ, మీరు కూడా ఏమైనా ఉంటే ఓ మాట చెప్పండి."

ఓ మాట. పద్దెనిమిదేళ్లుగా ఆ వాలు మీద లాగినవాడికి ఓ మాట, మూడేళ్ల నుంచి కింద నిలబడి లెక్కచూసుకునేవాడికి కాగితం, కలం. నేను తలూపాను. టేపు నావైపు చూసి చిన్నగా నవ్వాడు. మంచి నవ్వే అయ్యుండొచ్చు. ఆ వేళ నాకు అది పుండు మీద కారంలా తగిలింది.

బండి ఒకటే, తోలేవాడూ ఒకడే. మిగతావాళ్లందరూ పెట్టెలు ఎత్తి పేర్చుకోవాల్సిందే. నాకు యాభై మూడేళ్లు. వంగితే నాకన్నా ముందు నా మోకాళ్లు మాట్లాడతాయి. ఆ పిడి నా చేతికి రావాలని నాకు ఆశ. దానికి సిఫారసు చేయాల్సింది, నేను సిఫారసు చేసి తెచ్చినవాడు.

మధ్యాహ్నానికి రెండు బండ్లూ వచ్చాయి. వాటితో అమ్మకాల మనిషి ఒకడు వచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కాతో. ఒకటి నీలం బండి, పొట్టిది. పదిహేను వందల కిలోలు మోస్తుందని దాని పక్కన రాసి ఉంది. ఇంకొకటి పసుపు బండి, జానెడు పొడుగెక్కువ. రెండు వేల కిలోలు మోస్తుంది. రెండింటికీ పొడవాటి పిడి. పిడి చివర బొటనవేలితో తిప్పే మీట ఉంది. అటు తిప్పితే ముందుకి, ఇటు తిప్పితే వెనక్కి. పిడి వదిలేస్తే అది నిటారుగా లేచి బ్రేకు పడుతుంది.

"పసిపిల్లాడు కూడా తోలొచ్చండి," అన్నాడు అమ్మకాల మనిషి.

"పసిపిల్లాడిని తెచ్చారా?" అన్నాడు పొడుగాయన. లాగేవాళ్లలో నా తర్వాత పాతవాడు అతనే. తల ఎత్తితే షెడ్డు దూలానికి తగిలేంత పొడుగు. "తెస్తే నాకు పని తప్పేది."

టేపు మొదటి రోజంతా నేల మీదే ఉన్నాడు. సందులు కొలిచాడు, మలుపులు కొలిచాడు, తలుపు వెడల్పు రెండుసార్లు కొలిచాడు. పసుపు బండి మూడో సందులో తిరగలేదు, రెండంగుళాల్లో ఇరుక్కుపోయింది. నీలం బండి చేప తిరిగినట్టు తిరిగింది. అతను ప్రతిదీ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. నేను దూరం నుంచి చూస్తూ, "సందులు కొలిచేవాడికి ఒళ్లు నొప్పులు ఎలా కొలవాలో తెలుసా?" అన్నాను పొడుగాయనతో. అతను నవ్వలేదు. నా మాటలో సరసం లేదని అతనికి తెలిసింది.

మూడో రోజు టీ వేళ టేపు నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యా, నీలం బండి సరిపోతుందని అనిపిస్తోంది. పీటకి నలభై పెట్టెలు. పెట్టె ఇరవై ఎనిమిది కిలోలు. పదకొండు వందల ఇరవై అవుతోంది. పీట బరువు వేసుకున్నా బోలెడు మిగులుతుంది."

"లెక్కలు నీవేగా."

"ఇది కాగితం మీద సంగతి. నేల మీద కూడా అంతేనా?"

గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే నేల మీద అంత కాదు.

ఇది మా లాగేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియని సంగతి. నియమం ప్రకారం పీట మీద అయిదు వరుసలు పేర్చాలి, వరుసకి ఎనిమిది పెట్టెలు. నేను వచ్చిన కొత్తలో రోజంతా వాలు ఎక్కి దిగి కాళ్లు పడిపోయేవి. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. పైన ఇంకో రెండు వరుసలు పేర్చేవాళ్లం. వాలు దిగాక, మలుపు దగ్గర తలుపు చాటున ఆ రెండు వరుసలూ దించి వేరే పీట మీద పెట్టేవాళ్లం. అయిదుసార్లు దిగితే ఏడు పీటలయ్యేవి. పని ముందే ముగిస్తే ముందే కూర్చోవచ్చు. వాటికి కొసరు వరుసలని పేరు పెట్టింది కూడా నేనే. కింది షెడ్డుకి చేరేసరికి ప్రతి పీటకీ నలభై పెట్టెలే ఉంటాయి. కాబట్టి కింద ఉన్నవాళ్లు ఎన్నడూ కొసరు చూసింది లేదు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క రోజూ తప్పలేదు. కొసరుతో కలిపి పీటకి యాభై ఆరు పెట్టెలు. పీటతో సహా పదహారు వందలకి పదో పదిహేనో తక్కువ. చేతి బండి దాన్ని తట్టుకునేది. వాలు దిగేటప్పుడు నలుగురం పైనుంచి వెనక్కి పట్టుకునేవాళ్లం. బండి జారితే చక్రం కింద వేయడానికి ఒకడు పక్కన అడ్డుదిమ్మ పట్టుకుని నడిచేవాడు.

నీలం బండిని ఒక్క మనిషి తోలుతాడు. వెనక్కి పట్టుకోవడానికి నలుగురు ఉండరు.

"నేల మీదా అంతే," అన్నాను.

టేపు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. "నీ నోటితో వింటే నాకు నిశ్చింత అన్నయ్యా," అన్నాడు.

ఆ సాయంత్రం పొడుగాయనని పక్కకి పిలిచాను. "ఈ వారం కొసరు వద్దు. మేడం వచ్చిపోతూ ఉంటుంది. చూస్తే బాగుండదు."

"మరి బండి కొన్నాక?"

"కొన్నాక మామూలే."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. అంత పొడుగు నుంచి ఎగాదిగా చూస్తే ఎదుటివాడు ఇంకా పొట్టిగా అయిపోతాడు. "నీ ఇష్టం మేస్త్రీ," అన్నాడు.

నేను చేసింది ఏమిటో నాకు తెలియకపోలేదు. మేడం తిడుతుందని దాచానని పైకి అనుకున్నాను. లోపల వేరే లెక్క నడుస్తోంది. నీలం బండి కొంటారు. నెల తిరక్కుండానే కొసరుతో వాలు మీద జారుతుంది. ఎవరు ఎంచారని అడుగుతారు. టేపు ఎంచాడని తేలుతుంది. అప్పుడు మేడం పై షెడ్డుకి వచ్చి, "మేస్త్రీ, మిమ్మల్ని అడగాల్సింది," అంటుంది. ఈ మాటని నేను ఎన్నిసార్లు మనసులో అనిపించుకున్నానో చెప్పలేను. భోజనం చేస్తూ అనిపించుకున్నాను. తాళం వేస్తూ అనిపించుకున్నాను. అత్తగారు చిన్నల్లుడి కబురు ఇంకోటి ఎత్తినప్పుడల్లా గుక్కెడు మంచినీళ్లు తాగినట్టు ఆ మాట తాగేవాణ్ణి.

నేను రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడతాను. పెద్ద పూజలేమీ రావు. చిన్నప్పుడు నేర్చిన నాలుగు మాటలు చెప్పి, ఇంట్లో అందరి పేర్లూ వరసగా తలుచుకుని, వీళ్లని చల్లగా చూడమంటాను. ఆ జాబితాలో టేపు ఉన్నాడు, అతని భార్య ఉంది. నాలుగో రోజు పొద్దున అతని పేరు దగ్గరకి వచ్చేసరికి చల్లగా చూడు అనలేకపోయాను. మనసులో ఉన్న మాట, అతను దెబ్బతినాలన్న మాట, అదీ అనలేకపోయాను. దేవుడి ముందు నిలబడి దాన్ని పలకడానికి సిగ్గేసింది. ఆ ఒక్క పేరు దాటేసి తర్వాతి పేరుకి వెళ్లిపోయాను.

తర్వాత బస్సులో కూర్చుని ఆలోచించాను. దేవుడు మనిషికి ఆకలి పెట్టాడు, తింటాడని. భయం పెట్టాడు, జాగ్రత్తగా ఉంటాడని. ఈ ఓర్వలేనితనం దేనికి పెట్టినట్టు? దీనితో ఏ పని జరుగుతుందని? పొయ్యి మీద ఏమీ లేకుండా మంట మండుతూ ఉంటే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. మరి ఆయన ఎలా ఊరుకుంటున్నాడో నాకు తెలియలేదు.

ఆ రోజు టేపు నీలం బండిని వాలు మీద తోలాడు. నలభై పెట్టెలే ఉన్నాయి. పిడి పట్టుకుని ముందు తను నడుస్తూ, వెనక బరువుని దింపుకుంటూ వచ్చాడు. అంటే మనిషి కింద, బరువు పైన. మేం చేతి బండితో ఎన్నడూ అలా దిగలేదు. వాలు మీద మనిషి ఎప్పుడూ పై పక్కన ఉండాలి. బరువు జారితే జారనీ, మన మీదికి రాకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, కాళ్లకి తెలిసిన సంగతి. అతనికి చెప్పాల్సింది నేను. నడుం దగ్గర టేపు ఊగుతూ ఉంటే, వీపు ఆ బరువుకి అప్పజెప్పి, నింపాదిగా దిగుతున్నాడు. నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయాను. బ్రేకు నిలిచింది. అమ్మకాల మనిషి చప్పట్లు కొట్టాడు.

అయిదో రోజు సాయంత్రం మరదలు మా ఇంటికి వచ్చింది. వాళ్లమ్మని తీసుకెళ్లే వంతు ఆమెది. అక్కాచెల్లెళ్లు వంటింట్లో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. నేను వరండాలో ఉన్నాను. వెళ్లేముందు ఆమె నా దగ్గర ఆగింది.

"ఆ బండి ఆయనే తోలతానని రాశారట బావా. నాకు ముందు భయమేసింది, అంత బరువుతో పని కదా అని. ఆయనేమో, పైన అన్నయ్య ఉన్నాడు, నాకేం కానివ్వడు అన్నారు."

అంటే పిడి కూడా తన పేరే రాసుకున్నాడు. నేను ఊహించినదే. అయినా కడుపులో మళ్లీ భగ్గుమంది. ఆ మంటలోనే రెండో మాట కూడా చెవిలో పడింది. నాకేం కానివ్వడు. మొదటి మాటకి కోపం తెచ్చుకుందామంటే రెండోది అడ్డమొచ్చింది. రెండోదానికి సంతోషిద్దామంటే మొదటిది. మింగలేక కక్కలేక, "చీకటి పడకముందే వెళ్లండమ్మా," అన్నాను.

"బావ మాట ఎప్పుడూ ఇంతే, చెప్పినదానికి జవాబుండదు," అంది మరదలు, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ.

నా భార్య తలుపు దగ్గరే నిలబడి ఉంది. "నీకేమైంది?" అంది.

"ఏం కాలేదు."

"దాని మొగుడు బండి తోలితే నీ మొహం ఎందుకు మాడింది?"

"నేను కాదా తోలాల్సింది?"

"నువ్వే కావాలి," అంది. నాకు ఆశ్చర్యమేసింది. "నువ్వే తోలాలి. ఆ మాట అతన్ని పిలిచి చెప్పు. తిట్టాలనుంటే తిట్టు. కానీ వారం నుంచి నువ్వు తిట్టడం లేదు. అది నాకు నచ్చడం లేదు."

ఇరవై రెండేళ్ల కాపురంలో నేను కోపం దాచుకున్న రోజులు ఆమెకి వేళ్ల మీద ఉంటాయి.

ఆరో రోజు, అంటే ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడింటికి మేడం వాలు పైకొచ్చింది. చేతిలో టేపు రాసిన కాగితం. అమ్మకాల మనిషి పసుపు బండిని అప్పుడే ఓ మూలకి తోసేశాడు. మేడం కాగితం పూర్తిగా చదివి, కలం తీసి, "మేస్త్రీ, మీ మాట?" అంది.

వారం నుంచి ఆ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. "బాగుందండి." అంతే. నాకేం అంటకుండా, చెయ్యి తడవకుండా అయిపోతుంది. నోరు తెరిచాను. పక్కనే టేపు నిలబడి ఉన్నాడు, పరీక్ష ఫలితం వినేవాడిలా. చొక్కా వెనక చెమట గుండ్రంగా పట్టి ఉంది, సరిగ్గా వీపు మధ్యలో. నాలుగో రోజు ఆ వీపునే కదా చూస్తూ ఉండిపోయాను అనిపించింది.

"ఇంకొక్కసారి దింపి చూద్దామండి," అన్నాను. "నేను తోలతాను."

టేపు మొహంలో చిన్న చిరాకు కనపడింది. తన పనిలో నేను వేలు పెడుతున్నాననుకున్నాడు. నిజమే. "ముప్పైసార్లు దింపాను అన్నయ్యా," అన్నాడు.

"ముప్పై ఒకటి చేద్దాం," అని పొడుగాయన వైపు తిరిగాను. "కొసరు పెట్టు."

అతను కదల్లేదు. "మేస్త్రీ, మేడం ఇక్కడే ఉంది," అన్నాడు గొంతు తగ్గించి.

"అందుకే పెట్టమంటున్నా."

ఆరో వరుస లేచింది. ఏడో వరుస లేచింది. టేపు పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. అమ్మకాల మనిషి, "అంత బరువుకి కాదండి ఇది," అని ముందుకి వస్తే పొడుగాయన అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు.

"కింద ఎవరూ ఉండకండి," అన్నాను. మలుపు దగ్గర పాత టైర్లు గుట్టగా వేయించాను. పొడుగాయనని అడ్డుదిమ్మతో పక్కన నడవమన్నాను. బండిని తిప్పి, బరువుని కింది వైపుకి పెట్టి, నేను పై పక్కన నిలబడి పిడి పట్టుకున్నాను.

చదును నేల మీద బాగానే నడిచింది. కొంచెం మూలిగింది, అంతే. వాలు మీదికి ముందు చక్రాలు దిగాయి. పది అడుగులు నిదానంగా దిగాక పిడి వదిలేశాను. పిడి నిటారుగా లేచింది, బ్రేకు పడింది. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, బండి మెల్లగా, చక్రం తిరక్కుండానే, నేలని గీరుకుంటూ జారడం మొదలుపెట్టింది. పిడి పట్టుకుని ఆపబోతే నా చెప్పులు కూడా దానితోపాటే జారాయి. పొడుగాయన దిమ్మ వేశాడు. బండి దిమ్మనీ తోసుకుంటూ పోయింది. "వదిలెయ్ మేస్త్రీ," అని అరిచాడు. వదిలేశాను. అది నేరుగా వెళ్లి టైర్లని గుద్దుకుంది. పై వరుస నుంచి మూడు పెట్టెలు కిందపడి పగిలాయి.

పెంకులు ఇంకా జారుతూనే ఉన్నాయి.

"ఈ రెండు వరుసలు ఎన్నాళ్ల నుంచి?" అంది మేడం.

"పద్దెనిమిదేళ్ల నుంచండి. నేనే మొదలుపెట్టాను. వీళ్లు నేను చెప్పినట్టు చేశారు."

టేపు వాలు దిగి టైర్ల దగ్గరకి వెళ్లాడు. బండికీ మలుపు గోడకీ మధ్య ఎంత చోటుందో చూశాడు. చెయ్యి అలవాటుగా టేపు మీదికి పోయింది కానీ లాగలేదు. వెనక్కి ఎక్కి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"వారం నుంచీ తెలుసా అన్నయ్యా?"

నేల మీదా అంతే అన్నవాణ్ణి నేనేనని ఇద్దరికీ తెలుసు. మేడం వింటోంది. మేడం తిడుతుందని దాచానని చెప్పొచ్చు. లాగేవాళ్ల కోసమని చెప్పొచ్చు. రెండూ సగం నిజాలే.

"తెలుసు," అన్నాను.

అతను ఇంకేమీ అడగలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. టేపు మేడం వైపు తిరిగి, "పసుపు బండే తీసుకుందామండి. నా కాగితం తప్పు," అన్నాడు. "మూడో సందులో ఒక వరస పెట్టెల్ని అడుగున్నర జరిపితే తిరుగుతుంది. ఆ జరిపే పని రేపు చేయిస్తాను."

ఆ మాట నాకు వారం రోజుల్లో తట్టలేదు. సందు ఇరుకని అందరం చూశాం, సందుని జరపొచ్చని అతను చూశాడు.

మేడం నన్ను ఆఫీసు గదికి పిలిచి రెండే మాటలు చెప్పింది. ఇక మీదట ఆరో వరుస కనపడితే మేస్త్రి ఉండడు. బండి పిడి టేపు చేతిలోనే ఉంటుంది. నేను సరేనన్నాను. ఆవిడ చాలా తక్కువ శిక్ష వేసిందని నాకు తెలుసు. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి, "ముందే చెప్పాల్సింది మేస్త్రీ," అంది. నేను వారమంతా అనిపించుకున్న మాటకి అది దగ్గరగానే ఉంది, కాకపోతే బోర్లా తిరిగి ఉంది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మళ్లీ మా ఇంట్లోనే ఉంది. వంతు పూర్తికాకుండానే వచ్చేసింది, కబురు ఆగలేక.

"విన్నారా బాబూ? చిన్నల్లుడు ముందు ఒక బండి అనుకున్నాడట. ఆఖరి రోజు ఎక్కువ బరువు పెట్టించి చూశారట. అది ఆగలేదట. వెంటనే మార్చేశాడట. ఎంత జాగ్రత్త మనిషో."

"ఎక్కువ బరువు పెట్టించింది ఎవరట?" అంది నా భార్య, నావైపు చూడకుండానే.

"పెద్దల్లుడే పెట్టించి తోలి చూపించాడని అతనే చెప్పాడు. అన్నయ్య లేకపోతే నా ప్రాణం మీదికి వచ్చేది అన్నాడు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అదే మాట."

నేను చెప్పు విప్పుతూ ఆగిపోయాను. "ఇంకేం చెప్పాడు?"

"ఇంకేముంది చెప్పడానికి?"

చెప్పడానికి చాలా ఉంది. వారం రోజుల సంగతి ఉంది. అడిగితే అబద్ధం చెప్పిన సంగతి ఉంది. అతను ఆ ఇంట్లో అదంతా విప్పి పెట్టి ఉంటే, ఇరవై రెండేళ్ల పెద్దరికం ఒక్క పూటలో నేల మీద పడేది. విప్పలేదు. నేనయితే విప్పేవాణ్ణే అనుకుంటా. బండి ఎంచడంలో దాటిపోయాడు, పిడి దగ్గర దాటిపోయాడు, ఇప్పుడు మంచితనంలో కూడా దాటిపోయాడు. అక్కడన్నా ఆగకూడదా అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే నవ్వొచ్చింది.

రాత్రి నా భార్యకి మొత్తం చెప్పాను. ఆమె అంతా విని, "రేపు వెళ్లి అతనికి చెప్పు," అంది.

"ఏమని?"

"వాలు ఎలా దిగాలో."

మర్నాడు దేవుడి ముందు నిలబడ్డాను. పేర్లు వరసగా వస్తున్నాయి. టేపు దగ్గరకి వచ్చాను. చల్లగా చూడు అన్నాను. మంట పోయిందా అంటే పోలేదు. దేవుడు దాన్ని ఎందుకు పెట్టాడో నాకు ఇంకా తెలియదు. దాన్ని మనసులో పెట్టుకునే అతని పేరు పలకొచ్చని మాత్రం తెలిసింది.

గోదాంలో పసుపు బండి వాలు పైన ఉంది. నలభై పెట్టెలు, అయిదు వరుసలు. పక్క స్తంభం మీద అయిదో వరుస ఎత్తుకి సరిగ్గా తెల్ల రంగుతో గీత గీసి ఉంది. ఎవరు కొలిచి గీశారో అడగక్కర్లేదు. టేపు పిడి పట్టుకుని వాలుకి ఎదురుగా నిలబడ్డాడు, మళ్లీ బరువు వెనక, తను ముందు.

నన్ను చూసి ఆగాడు. నిన్నటి నుంచి మేం మాట్లాడుకోలేదు.

"అటు కాదు," అన్నాను. "తిప్పు. నువ్వు పైకి రా, బరువు కిందికి పోవాలి."

"ఎందుకు?"

"ముందు తిప్పు, తర్వాత కొలుచుకుందువుగాని."

తిప్పాడు. నేను అడ్డుదిమ్మ తీసుకుని చక్రం పక్కన నడిచాను. పద్దెనిమిదేళ్లలో ఆ దిమ్మ నేను ఎన్నడూ మోయలేదు. మేస్త్రి పిడి దగ్గర ఉంటాడు, దిమ్మ వేరేవాళ్లు మోస్తారు. పొడుగాయన పైనుంచి చూసి, "దిమ్మ బరువుందా మేస్త్రీ?" అన్నాడు.

"ఉంది," అన్నాను.

బండి మెల్లగా దిగుతోంది.